‘ఒక్క ఉదాహరణ చెప్పండి’ అని ఆవిడ అడిగారు

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. తన పేరు, సంస్థ పేరు చెప్పవద్దని కోరారు. మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

పాఠకురాలిది గుంటూరు ప్రాంతం. ఎమ్మెస్ చదవడానికి టెక్సస్ వెళ్లి, అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నారు. ఇప్పుడొక సాఫ్ట్‌వేర్ టీముకు లీడ్. టీములో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఇద్దరు తెల్లజాతి మగవాళ్లు, ఒకే ఒక్క ఆఫ్రికన్ అమెరికన్ మహిళ ఉన్నారు. పాఠకురాలిది హెచ్‌-1బి వీసా. గ్రీన్‌కార్డు కోసం సంస్థ వేసిన ఐ-140 దరఖాస్తు ఆమోదం పొంది మూడేళ్లయింది, గ్రీన్‌కార్డు ఎప్పటికి వస్తుందో తెలియదు. భర్త హెచ్‌-4 (హెచ్‌-1బి వాళ్ల భార్యాభర్తలకిచ్చే వీసా) మీద ఉన్నారు, దానిపై వచ్చిన పని అనుమతితో ఉద్యోగం చేస్తున్నారు.

ఈ ఏడాది అప్రైజళ్ల (ఉద్యోగుల పనితీరు అంచనాల) సమయంలో తెల్లజాతివాడైన డైరెక్టరు ఈవిడను పిలిచి, ఆ నల్లజాతి సహోద్యోగిని మీద టీములో కొందరికి అసంతృప్తి ఉందన్నారు. “కోపం ఎక్కువ, మాట తీరు కటువు, నలుగురితో కలవదు” అని రాయమన్నారు. “మీరూ మహిళే కాబట్టి మీరు రాస్తేనే బాగుంటుంది” అని కూడా అన్నారు. పాఠకురాలు రాశారు, ఇంకా ఖరారు చేయలేదు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే రోజున ఆ సహోద్యోగిని మొత్తం చదివి, గొంతు పెంచకుండా, “దీనికి ఒక్క ఉదాహరణ చెప్పండి” అని అడిగారు. ఈవిడకు నోట మాట రాలేదు. “మళ్లీ మాట్లాడదాం” అని లేచి వచ్చేశారు.

తర్వాత వెతుక్కుంటే మూడు సంఘటనలు దొరికాయట. ఆవిడ సన్నటి జడలు అల్లించుకుని వచ్చిన రోజు, తెలుగమ్మాయి ఒకరు “ఇది నీ జుట్టేనా?” అంటూ ఒక జడ చేతిలోకి తీసుకుంటే, వెనక్కి జరిగి “ముట్టుకోకండి” అన్నారు. జూన్ 19న తనకు ఆన్‌కాల్ (ఎప్పుడు పిలిచినా పని చూసుకోవాల్సిన) డ్యూటీ వేశారని అందరి ముందూ అభ్యంతరం చెప్పారు. ఒక మీటింగులో తోటి ఉద్యోగి మాట్లాడుతుంటే రెండుసార్లు అడ్డుపడ్డారు.

ఇవి కాక, మాటల మధ్యలో దొర్లిన సంగతులు కొన్ని ఉన్నాయి. టీములో ఒక తెలుగు సీనియర్ బయటి సంస్థవాళ్ల మీద ఫోనులో కేకలు వేస్తే, అదే డైరెక్టరు “పని మీద ఎంత తపనో చూడండి” అని మెచ్చుకున్నారట. భోజనాల బల్ల దగ్గర ఆవిడ ఎదుటే ఆవిడ గురించి తెలుగులో మాట్లాడుకుంటారట. కిందటేడు కాన్పు తర్వాత రక్తపోటు పెరిగి ఆవిడ మళ్లీ ఆసుపత్రిలో చేరారట. అయినా సెలవు ముగియగానే పాఠకురాలు ఆవిడకు రాత్రి డ్యూటీలు వేశారు, ఎందుకంటే “వాళ్లు చాలా గట్టి మనుషులు, ఏదైనా తట్టుకుంటారు.” భర్త “మనకెందుకు, తల వంచుకుని పని చూసుకో” అంటున్నారు. పాఠకురాలు చివర్లో ఇలా రాశారు: “నేనూ నలుపే. చిన్నప్పుడు ఈ పిల్లకు పెళ్లెలా అవుతుందో అన్న మాటలు పడ్డాను. నాకు రంగు పట్టింపు లేదు. కానీ ఆవిడ గట్టిగా మాట్లాడితే నాకూ లోపల బెరుకే. సంతకం పెట్టనా, మాననా?”

అమ్మా,

ఆ బెరుకు గురించి దాచకుండా రాశారు, అందుకు సంతోషం. సంతకం సంగతి తర్వాత చూద్దాం. ముందు మీరు పోగు చేసుకున్న ఆ మూడు సంఘటనలను ఒక్కొక్కటిగా విప్పి చూడాలి.

జడ విషయంలో తప్పు ఎవరిది? ఆఫీసులో ఒక మనిషి ఇంకో మనిషి జుట్టు చేతిలోకి తీసుకుంది. రేపు మీలో ఎవరైనా డైరెక్టరుగారి క్రాఫులోకి చెయ్యి పోనిచ్చి “ఇది మీ జుట్టేనండీ?” అని అడిగి చూడండి, ఎవరి అప్రైజల్‌లో ఏం చేరుతుందో తెలుస్తుంది. ఆవిడ కేక వేయలేదు, చెయ్యి విదిలించలేదు. ఒక అడుగు వెనక్కి వేసి ఒక్క మాటన్నారు. దాన్ని కోపం కింద రాసుకున్నారు మీరు.

ఆ జుట్టుకు పెద్ద చరిత్రే ఉంది. లూసియానా స్పెయిన్ ఏలుబడిలో ఉండగా, 1786లో గవర్నరు మీరో నల్లజాతి స్త్రీలు జుట్టు కనపడకుండా తలగుడ్డ కట్టుకోవాలని ఆజ్ఞ వేశాడు. అది ఎప్పటిదో అనుకుంటే, 2010లో అలబామాలో ఒక సంస్థ ఒక నల్లజాతి మహిళకు ఉద్యోగం ఇస్తామని చెప్పి, ‘లాక్స్’గా, అంటే పాయలు పాయలుగా చిక్కుపడేలా పెంచుకున్న జుట్టు కత్తిరించుకోనందుకు ఆ మాట వెనక్కి తీసుకుంది. 2016లో ఫెడరల్ అప్పీలు కోర్టు సంస్థ పక్షానే తీర్పు చెప్పింది. ఇలాంటివి చూసే కాలిఫోర్నియా 2019లో క్రౌన్ చట్టం తెచ్చింది. మీ టెక్సస్‌లో అలాంటి చట్టమే 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. జడలు, లాక్స్ వంటి కేశాలంకరణ కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదని అది చెబుతుంది. కాబట్టి జడ పట్టుకున్న ఉదంతాన్ని ఆవిడకు వ్యతిరేకంగా కాగితం మీద పెడితే, రేపు మీ సంస్థ లాయరే తల పట్టుకుంటాడు.

మనవాళ్లకు ఆ జుట్టు అంత వింతగా ఎందుకు తోస్తుందో నాకు అర్థం కాదు. తిరుమలలో మనం మొక్కు చెల్లించిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. అవి విగ్గులుగా, అతుకు జుట్టుగా దేశాలు దాటిపోతాయి. అమెరికాలో నల్లజాతి మహిళలు వెళ్లే దుకాణాల్లోనూ భారతీయుల జుట్టు అమ్ముతారు. “నీ జుట్టేనా” అని ఆ తెలుగమ్మాయి అడిగినప్పుడు “కాదు, మీ అమ్మమ్మదేమో” అని ఆవిడ అనలేదు. అదీ ఆవిడ నిగ్రహం.

ఇక జూన్ 19. మీరు ఉంటున్న రాష్ట్రంలోనే, గాల్వెస్టన్‌లో, 1865లో అదే తేదీన, అంతర్యుద్ధంలో గెలిచిన యూనియన్ (ఉత్తరాది) సైన్యాధికారి బానిసలందరూ స్వతంత్రులని ప్రకటించాడు. అధ్యక్షుడు లింకన్ చేసిన బానిస విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1న. అంటే టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ఆ స్వేచ్ఛ చేరడానికి రెండున్నరేళ్లు పట్టింది. 1980 నుంచి అది టెక్సస్ రాష్ట్ర సెలవు దినం, 2021 నుంచి దేశమంతటికీ ఫెడరల్ సెలవు. దీపావళికీ సంక్రాంతికీ ఆన్‌కాల్ ఎవరు చేశారో మీ డ్యూటీ పట్టిక ఒకసారి తీసి చూడండి. “పండగలకు మేం ఊరెళితే ఆవిడే చూసుకునేవారు” అని మూడో పేజీలో మీరే రాశారు. మన పండగలన్నీ కాచిన మనిషి తన పండగ ఒక్కటి వదిలిపెట్టమంటే ఆ మాట కటువైపోయింది! అందరి ముందూ అడిగారన్నది మీ బాధ. అంతకుముందు విడిగా అడిగారా, మీరు వినిపించుకోలేదా అన్నది ఉత్తరంలో లేదు. గుర్తు తెచ్చుకోండి.

మూడోది, మీటింగులో అడ్డుపడటం. ఇది నిజమైన తప్పే. ఆవిడా మనిషే, ఆవిడకూ లోపాలుంటాయి. అయితే దాన్ని ఉన్నంతలో రాయండి: “ఫలానా మీటింగులో తోటి ఉద్యోగి మాట పూర్తి కాకముందే రెండుసార్లు మాట్లాడారు.” అది దిద్దుకోదగిన విషయం. దిద్దుకుంటే వచ్చే ఏడాది ఆ వాక్యం పోతుంది. “కోపం ఎక్కువ” అని రాశారనుకోండి, ఏం దిద్దుకోవాలి? ఎప్పటికి పోతుంది? పోయిందని ఎవరు తేలుస్తారు?

ఇప్పుడు మీ బెరుకు దగ్గరికి వస్తాను. ఆవిడ ఆ ఆఫీసులో అడుగు పెట్టకముందే అక్కడివాళ్ల బుర్రల్లో రెండు బొమ్మలున్నాయి. మొదటిది ‘మ్యామీ’. తెల్లదొరల ఇంట్లో వంట చేసి, పిల్లల్ని పెంచి, ఏమన్నా నవ్వే నల్లజాతి ఆయా. 1889లో మొదలైన ఆంట్ జెమైమా అట్లపిండి పెట్టె మీద దాదాపు నూట ముప్పై ఏళ్లపాటు అమ్ముడుపోయింది ఆ బొమ్మే. ఆ పేరు మార్చింది 2021లో. 1923లో ఏకంగా వాషింగ్టన్‌లో ‘మ్యామీ’కి విగ్రహం పెట్టడానికి సెనేట్ ఆమోదం తెలిపింది. నల్లజాతి మహిళా సంఘాలు గట్టిగా ఎదురు తిరగడంతో అది ఆగిపోయింది. రెండోది ‘సఫైర్’. 1928లో ఇద్దరు తెల్లవాళ్లు నల్లవాళ్ల గొంతులు అనుకరిస్తూ మొదలుపెట్టిన ఒక రేడియో హాస్య కార్యక్రమంలో, భర్తను ఎప్పుడూ సాధించే గయ్యాళి భార్య పేరు అది. తర్వాత టీవీలోకీ ఎక్కింది. కోపిష్టి నల్లజాతి స్త్రీ అనే ఊహకు ఇప్పటికీ ఆ పేరే పెట్టి పిలుస్తారు.

ఈ రెండు బొమ్మలూ ఒకే మనిషికి తగిలిస్తారు, అదీ ఇక్కడి కిటుకు. పండగ డ్యూటీలు చేసినన్నాళ్లూ మీ సహోద్యోగిని మొదటి బొమ్మ. ఒక్కసారి కుదరదన్నారు, రెండోదైపోయారు. మధ్యలో మామూలు ఉద్యోగిగా ఉండటానికి ఆవిడకు చోటే ఇవ్వలేదు. సెరెనా విలియమ్స్ 2018 అమెరికన్ ఓపెన్ ఫైనల్లో అంపైరుతో వాదిస్తే, ఒక ఆస్ట్రేలియా పత్రిక ఆమెను రాకెట్ మీద గంతులేసే భీకరాకారంగా కార్టూను గీసింది. అంపైర్లతో వాదించిన మగ ఆటగాళ్లను టెన్నిస్ లోకం ఎంత ముద్దు చేసిందో మీకు తెలుసు. 2022లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలిందీ ఇదే. పనిచోట నల్లజాతి స్త్రీకి కోపం వస్తే చూసేవాళ్లు దానికి కారణం పరిస్థితిలో వెతకరు, ఆమె స్వభావమే అంత అనుకుంటారు. ఆ కారణంగానే ఆమె పనికి తక్కువ మార్కులు వేస్తారు. మీ సీనియర్ కేకలకు ‘తపన’ అనే కారణం దొరికింది. ఆవిడ మామూలు గొంతుకు దొరకలేదు.

మీరు మెచ్చుకోలుగా రాసిన మాట ఒకటుంది, నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టింది అదే. “వాళ్లు చాలా గట్టి మనుషులు.” ఈ నమ్మకం ఎంతమంది ఒళ్లు హూనం చేసిందో చెబుతాను. 1840లలో అలబామాలోని మాంట్‌గోమరీలో జె. మేరియన్ సిమ్స్ అనే వైద్యుడు బానిస స్త్రీల మీద మత్తు ఇవ్వకుండా పదేపదే శస్త్రచికిత్స ప్రయోగాలు చేశాడు. వాళ్లలో ముగ్గురి పేర్లు మనకు తెలుసు, అనార్కా, బెట్సీ, లూసీ. ఆయనకు ‘ఆధునిక స్త్రీ వైద్య పితామహుడు’ అని పేరొచ్చింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఆయన విగ్రహం 2018 వరకూ ఉంది. పోనీ పాతకాలం అందామా? 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు తెల్లజాతి వైద్య విద్యార్థులను, శిక్షణలో ఉన్న డాక్టర్లను అడిగితే, ‘నల్లవాళ్ల చర్మం మందం’ లాంటి అబద్ధాల్లో కనీసం ఒకటైనా నిజమని దాదాపు సగం మంది నమ్ముతున్నారని బయటపడింది. అలా నమ్మినవాళ్లు నల్లజాతి రోగి నొప్పిని తక్కువగా లెక్కగట్టారు కూడా. సెరెనాకే 2017లో కాన్పయ్యాక ఊపిరి అందక, స్కాను తీయమని తానే నోరు తెరిచి అడిగితే, మందుల మత్తులో ఏదో మాట్లాడుతోందని నర్సు అనుకుంది. చివరకు తీసి చూస్తే ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు. 2023లో అమెరికాలో ప్రతి లక్ష సజీవ జననాలకు తెల్లజాతి తల్లులు 14.5 మంది చనిపోతే, నల్లజాతి తల్లులు 50.3 మంది చనిపోయారు.

కాన్పు తర్వాత రక్తపోటు పెరిగి ఆసుపత్రి పాలైన మనిషికి, తిరిగి వచ్చీరాగానే రాత్రి డ్యూటీలు వేశారు మీరు. మార్చమని ఆవిడ అడగలేదన్నారు. మీ టీములో ఇంకెవరైనా బాలింతరాలైతే, ఆవిడ అడిగేదాకా ఆగుతారా? ఇంటికి పప్పన్నం పంపించేవారు కాదూ?

“నేనూ నలుపే” అన్నారు. మీ బాధ నిజం. పెళ్లిచూపుల్లో చామనఛాయ అని సర్దిచెప్పుకునే ఇళ్లలో పెరిగినవాళ్లకు అది ఎక్కడ కోస్తుందో నాకు తెలుసు. అయితే ఆ ఆఫీసులో మీ ఒంటి రంగు మీకు కోపిష్టి అన్న పేరు తేలేదు. అక్కడ మీకు తగిలించిన బొమ్మ వేరే ఉంది. చెప్పిన పని చేస్తుంది, ఎదురు చెప్పదు, వీసా భయం ఉంది. మీ గొంతు పెరిగిన రోజున కూడా “ఆమెకు ఈరోజు ఒంట్లో బాగాలేదేమో” అంటారు గానీ “వాళ్లంతా అంతే” అనరు. మీరు పడిన మాటలు ఆవిడ కష్టాన్ని అర్థం చేసుకోవడానికి తోవ చూపిస్తాయి. మీకు పక్షపాతం లేదనడానికి మాత్రం అవి ఆధారం కావు.

డైరెక్టరు మిమ్మల్నే ఎందుకు ఎంచుకున్నారో కూడా ఆలోచించండి. ఆయన రాస్తే తెల్లవాడు నల్లజాతి స్త్రీని కోపిష్టి అన్నట్టవుతుంది. మీరు రాస్తే ఆ మచ్చ ఉండదు. “మీరూ మహిళే కాబట్టి” అన్న మాటలో మర్యాద కన్నా అవసరం ఎక్కువ కనిపిస్తోంది నాకు.

సరే, ఇప్పుడు మీ ముందున్న దారులు.

ఉన్నదున్నట్టు సంతకం పెట్టవచ్చు. డైరెక్టరుతో గొడవ ఉండదు, ఈ నెల గడిచిపోతుంది. ఆవిడకు రేటింగ్ తగ్గుతుంది. రేపు ఉద్యోగాలు తీసేయాల్సి వస్తే ఆ జాబితాలో పేరు ముందుకు జరుగుతుంది. ఆవిడ ఊరుకోకపోతే ఉద్యోగ వివక్షను విచారించే ఫెడరల్ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు చేయవచ్చు. 1964 పౌరహక్కుల చట్టం కింద టెక్సస్‌లో దానికి 300 రోజుల గడువుంది, రాష్ట్ర సంస్థకైతే 180 రోజులు. అది లాయర్ల దాకా వెళితే, అందరూ అడిగేది ఆవిడ మిమ్మల్ని అడిగిన ప్రశ్నే. అప్పుడు జవాబు చెప్పాల్సింది డైరెక్టరు కాదు, సంతకం చేసిన మీరు. ఇది క్షేమమైన దారి అని మీ భర్త అనుకుంటున్నారు. నాకు అంత క్షేమంగా కనపడటం లేదు.

ఆ మాటలు తీసేసి, జరిగినవి మాత్రమే రాయవచ్చు. ఆవిడ చేసిన పని, మీటింగు సంగతి, అంతే. రాసేముందు ఒక పని చేయండి. టీములో కేకలు వేసిన ఆ సీనియర్ అప్రైజల్ పక్కన పెట్టుకుని, ఒకే కొలత ఇద్దరికీ సరిపోతోందో లేదో చూడండి. డైరెక్టరుకు చిన్న ఈమెయిలు చాలు: “ఈ వ్యాఖ్యలకు తేదీతో సహా సంఘటనలు అడిగాను, దొరకలేదు. అందువల్ల పనికి సంబంధించినవి మాత్రమే ఉంచాను. ఎవరి దగ్గరైనా వివరాలుంటే పంపమనండి, చేరుస్తాను.” ఇందులో ఎవరినీ జాతి వివక్ష చూపారని నిందించలేదు. లీడ్‌గా మీ పని మీరు చేశారు. ఆయన నొచ్చుకోవచ్చు, తానే రాసుకుంటాననవచ్చు, మీ సొంత రేటింగులో ఒక మెట్టు తగ్గించనూ వచ్చు. నేను మొగ్గేది ఈ దారి వైపే. కానీ ఆ మెట్టు తగ్గితే భరించాల్సింది మీరు, నేను కాదు.

ఇంకో అడుగు ముందుకు వేసి హెచ్‌ఆర్‌కు చెప్పవచ్చు. ఒక్క సంగతి మరిచిపోవద్దు, హెచ్‌ఆర్ కాపాడేది సంస్థను. కొన్నిసార్లు సంస్థను కాపాడటానికే వాళ్లు మీ మాట వింటారు. వివక్ష అని నిజాయితీగా నమ్మి అభ్యంతరం చెప్పినవాళ్ల మీద కక్ష తీర్చుకోకూడదని అదే 1964 చట్టం చెబుతుంది. అది వీసా మీద ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. అయితే చట్టం న్యాయం చేయడానికి ఏళ్లు పడుతుంది, ఉద్యోగం పోతే హెచ్‌-1బి వాళ్లకు దొరికే గడువు 60 రోజులు. ఈ తేడాను తేలిగ్గా తీసిపారేసి మీకు ధైర్యవచనాలు చెప్పడం నాకు ఇష్టం లేదు.

కానీ మీ భయాన్ని కూడా కొలిచి చూడాలి. ఐ-140 ఆమోదం పొంది మూడేళ్లయిందన్నారు. ఆమోదం పొంది 180 రోజులు దాటితే, సంస్థ దాన్ని ఉపసంహరించుకున్నా సాధారణంగా మీ ప్రాధాన్య తేదీ పోదు. ఇంకో సంస్థలో చేరితే లేబర్ సర్టిఫికేషను (ఐ-140కి ముందు కార్మిక శాఖ ఇచ్చే అనుమతి), ఐ-140 మళ్లీ మొదటినుంచి చేయించుకోవాలి గానీ, వరసలో మీ చోటు మీకుంటుంది. హెచ్‌-1బికి మామూలుగా ఉండే ఆరేళ్ల గడువు దాటినా వీసా పొడిగింపుకు వీలుంటుంది. మీ ఆయన పని అనుమతి మీ హెచ్‌-1బి హోదాకు ముడిపడి ఉంది కాబట్టి ఆ 60 రోజుల లెక్క ఆయనకూ వర్తిస్తుంది, అది మాత్రం నిజమైన చిక్కే. మీ కాగితాలు పట్టుకుని ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర అరగంట కూర్చోండి. సంస్థ లాయరు దగ్గర కాదు, ఆయన జీతం ఎవరిస్తారో తెలిసిందే కదా. సొంత ఫీజు ఇచ్చి వెళ్లండి. ఇంకో మాట, ఆఫీసు ఈమెయిళ్లు సొంత ఖాతాకు పంపుకోకండి. దాన్నే తప్పుగా చూపించి తీసేయగలరు. ఎప్పుడు ఎవరు ఏమన్నారో ఇంట్లో ఒక పుస్తకంలో రాసుకోండి, చాలు.

ఆవిడతో ఎలా మాట్లాడాలన్నది మీరు అడగలేదు, కానీ అది తప్పదు. ప్రశ్న అడిగి ఎదురుచూస్తున్నారు. ఎవరు ఫిర్యాదు చేశారు, డైరెక్టరు ఏమన్నారు అన్నవి మీరు బయటపెట్టలేరు, పెట్టకూడదు. “మీరు ఉదాహరణ అడిగారు. నా దగ్గర లేదు. ఆ వాక్యాలు తీసేస్తున్నాను. మీటింగులో మాటకు అడ్డుపడిన సంగతి మాత్రం ఉంచుతున్నాను” అని చెప్పవచ్చు. అక్కడితో ఆపండి. మా ఊళ్లో నన్నూ నల్లదాన్నన్నారు, నాకు నిద్ర పట్టడం లేదు, నన్ను అపార్థం చేసుకోకండి అని మొదలుపెడితే, మిమ్మల్ని ఓదార్చే పని కూడా ఆవిడ మీదే పడుతుంది. ఇప్పటికే చాలా డ్యూటీలు చేశారు. ఆవిడ ముభావంగా విని వెళ్లిపోవచ్చు. “ముందే ఎందుకు రాశారు?” అని అడగవచ్చు. అడిగితే, సూటిగా “రాయకుండా ఉండాల్సింది” అనండి. స్నేహం కుదురుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. రాత్రి డ్యూటీల పట్టిక మాత్రం మీ చేతిలో ఉన్నదే, అది సరిచేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

డైరెక్టరు ఆ వ్యాఖ్యలు తానే చేరుస్తానంటే, ఆ భాగం కింద మీ పేరు లేకుండా చూసుకోండి. ఆపలేకపోతే ఆపలేరు.

భోజనాల బల్ల సంగతి వేరే. దాన్ని హెచ్‌ఆర్ దాకా మోయక్కర్లేదు, మీరు లీడ్, మీ మాటకు విలువుంది. భాష తెలియనంత మాత్రాన నవ్వు ఎవరి మీదో తెలియకుండా ఉంటుందా? హిందీ రాకుండా హాస్టల్లో చేరిన తెలుగు పిల్లలందరికీ ఆ అనుభవం ఉంది. ఆవిడ కూర్చున్నప్పుడు మీరు ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెట్టండి. మిగిలినవాళ్లు రెండు రోజులు వెక్కిరిస్తారు, మూడో రోజు అలవాటవుతుంది. “ఆమె మాత్రం మనతో కలవదు” అని ఎవరైనా అంటే, ఏ భాషలో కలవాలో అడగండి.

మీ వారు “మనకెందుకు” అన్నారు కదా. ఆయన మీద కోపం తెచ్చుకోకండి, ఇంటి అద్దె, పిల్లల చదువు లెక్కలు ఆయన కళ్ల ముందుంటాయి. పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన పాత కోటాలు ఎత్తేసిన 1965 వలస చట్టం నల్లజాతి వాళ్ల పౌరహక్కుల పోరాటం తెచ్చిన ఊపులో వచ్చిందేనని ఒకసారి గుర్తు చేయవచ్చు. అంతకుముందు 1946 నుంచీ భారతీయులకు ఏడాదికి దక్కింది వంద మంది కోటా. అయితే చరిత్ర పాఠంతో మొగుళ్లు మారిన ఇల్లు నేను చూడలేదు. ముందు లాయరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. ఉద్యోగం పోయినా ఎన్నాళ్లు నిలదొక్కుకోగలరో, బ్యాంకులో ఎన్ని నెలల ఖర్చుకు సరిపడా ఉందో ఒక కాగితం మీద వేసుకోండి. ఆ లెక్క చూశాక కూడా ఆయన వద్దంటే, ఏ నష్టం గురించి వద్దంటున్నారో విడమరిచి చెప్పమనండి. అప్రైజల్ గడువు ఈ నెలాఖరని రాశారు, లాయరు అపాయింట్‌మెంటు ఈ వారంలోనే తీసుకోండి.